ద్వారపాలకుని మూఁడు ప్రశ్నలు

విద్యకొఱకు దేశాంతరమేగుట మనుష్యజాతికి క్రొత్తపని కాదు. కాని విద్యార్థి పరరాజ్యపు వాకిట నిలిచి, తాను విద్యార్థినేయని పత్రములతో ఋజువు చేసికొని, లోనికి రానిండని విన్నవించుకొనుట మాత్రము క్రొత్త. ఈ విన్నపపు కథకు నూటయేఁబదియేండ్ల ప్రాయమైనను సరిగా లేదు. నేఁడు తెలుఁగునాట ఏ యూరికేగినను అమెరికా వీసాకై ఎదురుచూచు బిడ్డ గల యిల్లు కనఁబడును. ఆ బిడ్డలను కాన్సులేటు కిటికీకడ అడుగు ప్రశ్నలలో ముఖ్యమైనవి మూఁడు: ఏమి చదువఁబోవుచున్నావు? సొమ్మెక్కడిది? చదువు ముగిసినపిమ్మట మరలిపోవుదువా? ఈ ప్రశ్నలు మొదట ఎవ్వరికొఱకు పుట్టినవో తెలిసికొన్నచో, వానికి మనము చెప్పవలసిన బదులెట్టిదో తేటపడును.

వీసా యను మాట లాటినునుండి వచ్చినది; చూడఁబడినది యని దాని యర్థము. అధికారి చూచి ముద్రవేసిన పత్రమని భావము. మన వీసముతో దీనికి చుట్టఱికము లేదు. అయినను వీసమెత్తు ముద్రకై ఇంటిల్లిపాది ప్రాణములుగ్గఁబట్టుకొని కూర్చుండుట చూచినచో, చుట్టఱికము కల్పింప బుద్ధిపుట్టును.

పూర్వపు ద్వారముల రీతి వేఱు. క్రీస్తుశకము ఏడవ శతాబ్దిలో చీనానుండి మనదేశమునకు వచ్చిన హ్యూన్ త్సాంగును అడ్డగించినది భారతదేశము కాదు, అతని స్వదేశమే. ప్రజలు పొలిమేర దాటరాదని నాఁటి చీనా చక్రవర్తి ఆజ్ఞ. అనుజ్ఞ దొరకక అతఁడు రహస్యముగా బయలువెడలెను. దారిలో గావోచాంగు రాజు ముందున్న రాజ్యములకు 24 లేఖలు వ్రాసి, ఒక్కొక్కదానితో పట్టుబట్ట జతచేసి యిచ్చెను. ఆ లేఖలే అతని వీసాలు. నాలందలో ద్వారమునొద్దనే ప్రశ్నలడుగుదురనియు, పదిమందిలో ఏడెనిమిదిమంది బదులు చెప్పలేక వెనుదిరుగుదురనియు అతఁడే వ్రాసియున్నాఁడు. ద్వారము కఠినమే, కాని అక్కడ తూఁచినది పాండిత్యము. అతఁడు మన కృష్ణాతీరమందలి ధాన్యకటకమునకును వచ్చి, కొన్నినెలలు నిలిచి అభిధర్మము చదివెను. తుదకు 645లో స్వదేశము చేరుటకుముందు, చెప్పక వెడలిన తప్పును మన్నింపుమని చక్రవర్తికి విజ్ఞాపన పంపుకొనవలసివచ్చెను.

ఐరోపాలోను ఇట్టిదొకటి కలదు. ఇటలీయందలి బొలోన్యా నగరమునకు ధర్మశాస్త్రము చదువవచ్చు పరదేశివిద్యార్థులకొఱకు, 1155 ప్రాంతమున ఫ్రెడరిక్కు చక్రవర్తి ఒక శాసనము చేసెను. వారు నిర్భయముగా రాకపోకలు సలుపవచ్చును. తమ దేశీయుఁడెవ్వఁడో చేసిన అప్పునకు వారిని పట్టుకొనరాదు. వారిపై వ్యాజ్యెము పుట్టినచో తమ గురువు నెదుటనో బిషప్పు నెదుటనో విచారణ కోరుకొనవచ్చును. విద్యకై ఇల్లు విడిచినవానిని శంకింపక కాపాడవలెనని ఆ శాసనమున సారము.

మనదేశమునను విద్యార్థికి అడ్డుగా నిలిచినది చిరకాలము వెనుకటి ద్వారమే. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పాతిత్యహేతువులలో చేర్చినది. 1888లో గాంధీ న్యాయవిద్యకై ఇంగ్లండు వెడలఁబోఁగా, బొంబాయిలో అతని కులపెద్ద అతనిని వెలివేసి, తోడ్పడినవారికిని సాగనంపఁబోయినవారికిని ఒక రూపాయి నాలుగణాల జరిమానా విధించెను. నాఁడు పయనమునకు కావలసినది కులము అనుజ్ఞ. ఆ గడియను మన సంస్కర్తలు ఎన్నియో నిందలకోర్చి తీసిరి. వెనుకటి తలుపు తెఱచుకొనుచుండఁగానే ముందటి తలుపు మూసికొనఁజొచ్చినది. ఆ తలుపు మొదట మూసికొన్నది మనపై కాదు, చీనావారిపై.

యంగ్ వింగ్ అను చీనా యువకుఁడు 1854లో అమెరికాయందలి యేల్ విద్యాలయమున పట్టమందెను. అతని పూనికచే చీనా ప్రభుత్వము 1872 మొదలు నాలుగేండ్లలో 120 మంది బాలురను అమెరికాకు చదువుకై పంపి, 1881లో మరల పిలిపించుకొన్నది. మఱుసటియేఁడే, అనఁగా 1882లో, అమెరికా శాసనసభ చీనా కూలీల ప్రవేశమును నిషేధించెను. విద్యార్థులు, ఉపాధ్యాయులు, వర్తకులు మొదలగువారు నిషేధమునకు వెలుపలివారే. కాని తాము కూలీలము కామని వారే ఋజువుపఱుపవలెను. అందులకై పేరు, వయస్సు, ఎత్తు, దేహమందలి గుఱుతులు, వృత్తి వ్రాసిన ధ్రువపత్రము వలసెను. 1884లో చట్టము సవరింపఁబడి, ఆ పత్రము సత్యమో కాదో చీనాలోనున్న అమెరికా ప్రతినిధి విచారించి ముద్రవేయవలెనన్న నియమము చేరినది. విద్యార్థి వీసాకు మూలపురుషుఁడు ఈ పత్రమే. 1900లో అమెరికా ఖజానాశాఖ విద్యార్థి యననెవ్వఁడో నిర్వచించెను: ఉన్నతవిద్యనో, స్వదేశమున నేర్చుకొన వీలులేని వృత్తినో అభ్యసింపఁగోరువాఁడు, పోషణకు ఏర్పాటు గలవాఁడు, చదువు ముగించి చీనాకు మరలఁదలఁచినవాఁడు. చదువరులారా, కిటికీకడ నేఁడు విననగు మూఁడు ప్రశ్నలు ఇవియే కదా! విద్యను పరీక్షించుటకు కాక, ఒక జాతివారిని వెలుపల నిలుపుటకు చేసిన చట్టపు సందున పుట్టిన ప్రశ్నలివి.

పిమ్మట కట్టడి పెరిగినది. 1917 నాఁటి చట్టము భారతదేశముతో కూడ ఆసియాఖండమున పెద్దభాగమును నిషిద్ధమండలముగా గీసి, విద్యార్థులకు మాత్రము సందిచ్చెను. 1924 నాఁటి చట్టము, పదునైదేండ్లు నిండి చదువుకొఱకే వచ్చు విద్యార్థిని సంఖ్యానియమమునుండి తప్పించి, అతఁడు బడి మానినచో ఆ సంగతి ప్రభుత్వమునకు తెలుపుదుమని పాఠశాలచేత ఒప్పించుకొన్నది. గురువు కావలివాఁడగుటకు నాంది యిది. 1952 నాఁటి చట్టము, విద్యార్థికి స్వదేశమున విడువఁదలఁపని నివాసముండవలెననెను. వచ్చువాఁడు స్థిరపడుటకే వచ్చుచున్నాఁడని ముందుగా ఊహించి, కాదని నిరూపించు భారము వానిమీఁదనే మోపెను. నేరస్థుని విషయమున న్యాయస్థానము నిర్దోషియని ఊహించును. విద్యార్థి విషయమున ఊహ తలక్రిందులైనది.

ఈ ప్రశ్నలతో ఒక తెలుఁగువానిని తూఁచి చూతము. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, మదరాసులో వైద్యము చదివి, మామగారి తోడ్పాటుతోను కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ ఆసరాతోను 1922 అక్టోబరులో బోస్టను చేరెను. చేతిలో ద్రవ్యము చాలక ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసి హార్వర్డులో చదివెను. మఱుసటియేఁడే అమెరికా ఉన్నతన్యాయస్థానము భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పుచెప్పినది. 1946లోఁగాని ఆ అడ్డు తొలఁగలేదు. ఇంతలో అతఁడు కండరములకు శక్తినిచ్చు పదార్థములను ఫిస్కేతో కలిసి వెల్లడించెను. ఫోలికామ్లమును ప్రయోగశాలలో నిర్మించిన బృందమును నడపెను. పౌరుఁడు కాకయే 1948లో అక్కడనే కన్నుమూసెను. సొమ్ము సరిపోలెనా? లేదు. మరలివచ్చెనా? రాలేదు. ఇఁట నిలిచిన భార్య అతనిని మరల చూడలేదు. మరలిరానివాని మూల్యము చెల్లించునది ఇల్లేయని మఱవరాదు. అయినను, చివరి రెండు ప్రశ్నలే తూనికరాళ్లయినచో లోకము ఎట్టివానిని పోఁగొట్టుకొనియుండునో ఊహింపుఁడు.

ఇంతమాత్రమున మనవారు నిర్దోషులని చెప్పను. ప్రశ్న అన్యాయమైనదని తలఁచినవాఁడు అబద్ధపు బదులు న్యాయమేయని తలఁచుట సులభము. అప్పుతెచ్చిన సొమ్మును కొన్నిదినములు బ్యాంకులో చూపి మరల ఇచ్చివేయుటయు, దళారి వ్రాసియిచ్చిన బదుళ్లు వల్లెవేయుటయు మనయూళ్లలో వ్యాపారమైనవి. చిలుకూరు బాలాజీకి పదునొకండు ప్రదక్షిణములు చేసి మ్రొక్కుకొనుటలో దోషము లేదు. దొంగపత్రము చంకఁబెట్టుకొని చేయుటలో గలదు. దీని ఫలము మనము రెండుమాఱులు చూచితిమి. 2011 జనవరిలో కాలిఫోర్నియాయందలి ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము పేరికేగాని చదువు లేనిదని తేలి మూఁతపడఁగా, అందు పేరు వ్రాయించుకొన్న తెలుఁగుబిడ్డలు పెక్కురు చిక్కులపాలైరి. కొందఱి కాళ్లకు జాడ తెలుపు యంత్రపుకడియములు తగిలించిరి. 2019లో మిషిగనుయందలి ఫార్మింగ్టను విశ్వవిద్యాలయము సంగతి మఱియు వింత: అది అమెరికా అధికారులే మాఱువేషమున నడపిన వల. అందు గురువులు లేరు, పాఠములు లేవు. మొదట పట్టువడిన సుమారు 130 మందిలో ఒకరిద్దఱు తప్ప అందఱును భారతీయులే. వల పన్నినవారి నీతి యెట్టిదైనను, తరగతులు లేని చదువునకు రుసుము కట్టిన యువకుఁడు మొదటి ప్రశ్నను తనకుఁదాను వేసికొనలేదనుట సత్యము.

కావున ఉపాధ్యాయులమైన మనకు పని గలదు. ఏమి చదువఁబోవుచున్నావను ప్రశ్న నాలందద్వారమున అడుగఁదగినదే. దానికి బదులు దళారి కాక విద్యార్థియే చెప్పఁగలవలెను. ఏ విద్యాలయము, ఏ గురువు, ఏ గ్రంథము అని వాఁడే వెదకుకొనుట మనము బడిలోనే నేర్పవలెను. సొమ్మెక్కడిదనఁగా ఉన్న లెక్క ఉన్నట్లు చెప్పవలెను. పొలము తాకట్టుపెట్టి తండ్రి తెచ్చిన అప్పైనచో అప్పేయని చెప్పుట సిగ్గు కాదు. మూఁడవ ప్రశ్న కఠినమైనది. ఇరువదిరెండేండ్లవానికి తన భవిష్యత్తు ఏమి తెలియును? అడిగినవారి నిలుకడయు అంతంతమాత్రమే. మరలిపొమ్మను ఆ ప్రభుత్వమే, శాస్త్రవిద్యలు ముగించినవారు మొదటి యేఁటిపైని మఱి రెండేండ్లు అక్కడ పనిచేయవచ్చునని 2016లో నియమము చేసినది. అయినను చట్టమడుగునది నేఁటి సంకల్పమునే కాని జోస్యమును కాదు. సంకల్పమును సత్యముగా చెప్పి, తిరస్కరించినచో వెనుదిరుగుటయే విద్యార్థి గౌరవము. హ్యూన్ త్సాంగు కాలమున పదిమందిలో ఏడెనిమిదిమంది అట్లే వెనుదిరిగిరి. వారిని ఎవ్వరును పతితులనలేదు.

ఆ మూఁడవ ప్రశ్న మనవైపునకును తిరిగియున్నది. స్వదేశమున నేర్చుకొన వీలులేని విద్యకై వచ్చువాఁడని 1900 నాఁటి నిర్వచనము చెప్పినది. ఆ వీలును మన యూళ్లలో, మన కళాశాలలలో, మన ప్రయోగశాలలలో ఎంత కల్పించితిమి? మరలిపోవుదువా యని పరదేశి అడిగినపుడు మన బిడ్డ తడబడుచున్నచో, ఆ తడబాటులో సగము వానిది, సగము మనది. పిల్లవాని సగమును సత్యముతో సరిదిద్దుట వాని పని. మన సగమునకు పూనుకొనుట మన పని.