ఏటికొప్పాక చక్రములు

బొమ్మబండి మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. సింధులోయ త్రవ్వకములలో మట్టిచక్రములతోడి చిన్నిబండ్లు బయల్పడినవి. మృచ్ఛకటిక నాటకమున పసివాడైన రోహసేనుడు మట్టిబండి తనకు వలదనియు, పొరుగింటి బాలుని బంగారుబండి వంటిదే కావలెననియు మారాము చేసెను. మన పల్లెల పిల్లలు తాటికాయలకు పుల్ల గ్రుచ్చి, తామే బండ్లు కట్టుకొని వీథులవెంట త్రోలుకొనుచుండిరి. ఇన్నిచోట్ల బండి మాట చెప్పినవారే గాని, చక్రము మాట చెప్పినవా రరుదు. బండిమీది గుఱ్ఱమునో ఏనుగునో చూచి మురియువానికి, అడుగున దొర్లు నాలుగు బిళ్లలలోనే పనివాని నేర్పంతయు నణగియున్నదని తోచదు. ఆ నేర్పు తెలియగోరువారు వరాహనది యొడ్డుననున్న ఏటికొప్పాకకు పోవలెను.

నిన్నమొన్నటిదాక విశాఖపట్టణము జిల్లాలోనుండి, 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన యీ గ్రామము, 1933 నాటికే సహకారపద్ధతిని చక్కెర కర్మాగారమును నెలకొల్పుకొన్నది. అయినను లోకులు దీనిని చక్కెరవలన గాక లక్కపిడతలవలననే యెఱుగుదురు. కొండపల్లి పనివారు తెల్లపొణికిని చెక్కి, ముక్కలను అతికి, కుంచెతో రంగులు వేయుదురు. ఏటికొప్పాకవారు అంకుడు కఱ్ఱను తరిమెన, అనగా కఱ్ఱను గిరగిర త్రిప్పు సాధనము, పట్టి, అది తిరుగుచుండగనే దానికి లక్క పట్టింతురు. ఆ కారణముచేత ఇచ్చటి సరకులలో మిక్కిలి భాగము గుండ్రనివే: కుంకుమభరిణె, బొంగరము, గిలక్కాయ, పిడత. వీనిలో చక్రమే అతిసామాన్యము, వెలయు నతిస్వల్పము. కాని భరిణె కొంచెము వంకరపోయినను కుంకుమ నిలుచును. చక్రము వంకరపోయెనా, బండి కుంటును.

పూర్వము తరిమెనకు మరయంత్ర మెక్కడిది? ఇంటి వసారాలో నేలబారున అమర్చిన ఇరుసునకు త్రాడు చుట్టి, ఇంటివారిలో నొకరు దానిని ఇటునటు లాగుచుండగా, వేఱొకరు ఉలి పట్టెడివారు. త్రాడు ఒకవైపు లాగినపుడు కఱ్ఱ ఎదురుతిరిగి ఉలికి తెగును. మఱియొకవైపు లాగినపుడు ఊరక వెనుదిరుగును. కనుక లాగువాని శ్రమలో సగము వ్యర్థమే యయ్యెడిది. బొమ్మ అందముగా నున్నదని మెచ్చువారు ఉలి పట్టిన చేతినే మెచ్చిరి. త్రాడు లాగిన చేతులకు మెప్పు దక్కలేదు. ఇది అన్యాయమని నా మతము.

ఇక చక్రముల పని. ఒక్కొక్క చక్రమును విడివిడిగా చేయుట తెలివిమాలిన పని యని ఈ పనివారి కుటుంబములకు ఎవరును బోధింపనక్కఱలేదు. బాగుగా ఎండిన కొమ్మతుండెమును తరిమెనకు బిగించి, పెద్ద ఉలితో బెరడును గతుకులను తీసి, కావలసిన చక్రమెంత వెడల్పో అంత లావున నిడుపాటి రోకలిగా తీర్తురు. అది తిరుగుచుండగనే నడిమికి సూటిగా రంధ్రము తొలుతురు. ఇందులో రెండు లాభములు గలవు: తిరుగు కఱ్ఱకు తొలిచిన రంధ్రము నట్టనడుమనే పడును గనుక ఏ బిళ్లయు ఊగులాడదు, కొమ్మ నడిమి బెండు, అనగా ఎండినపుడు మొదట పగులు తీయు భాగము, రంధ్రముతోపాటు తొలగిపోవును. పిదప అంచునకు లక్క పట్టించి, సన్నని ఉలితో దోసకాయను చక్రములుగా తరిగినట్లు బిళ్లవెంట బిళ్లను కోయుదురు. ఒక బండికి వలయు నాలుగును ఒకే తుండెమునుండి తీసినచో కొలతలో తేడా యుండదు. పచ్చికఱ్ఱతో నీ పని సాగదు. అది ఎండుకొలది అన్నివైపుల సమముగా ముడుచుకొనదు, గుండ్రని బిళ్ల కొన్నాళ్లకు కోడిగ్రుడ్డు వాటమునకు దిగును. తడి యున్న కఱ్ఱకు లక్కయు అంటదు.

లక్క యనగానే భారతము చదివినవారికి లక్కయిల్లు తగులబడుటయే జ్ఞప్తికి వచ్చును. తరిమెనయొద్ద దానికి నిప్పు కావలసినది రంగు కలుపునపుడు మాత్రమే. మెత్తబడిన లక్కను సాగదీసి, మడచి, రంగు పట్టించి కడ్డీలుగా చేయుదురు. ఆ కడ్డీని తిరుగు కఱ్ఱకు అదిమినపుడు రాపిడివేడికే అది కరగి పైపూతగా సాగును. పిదప మొగలి ఆకుతో అదిమి పట్టగా నిగ్గు తేలును. పసుపువలన పచ్చన, జాఫ్రా గింజలవలన నారింజ ఎఱుపు, నీలివలన నీలము, పసుపు నీలి కలుపగా ఆకుపచ్చన వచ్చును. నడుమ కొంతకాలము అంగడి రసాయనపు రంగులు చొరబడి వీనిని త్రోసివేసినవి. బిడ్డలు నోట పెట్టుకొను వస్తువులకు అవి తగవని గ్రహించి, చెట్టుచేమల రంగులను మరల వాడుకలోనికి తెచ్చినవారిలో సి.వి.రాజుగారు ముఖ్యులు, వారికి 2023లో పద్మశ్రీ లభించినది.

ఇప్పుడు త్రాడు పోయినది; విద్యుత్తుతో నడచు మోటారు వచ్చినది. కఱ్ఱ ఒకేవైపున ఎడతెగక తిరుగుటచేత పని త్వరపడినది, త్రాడు లాగువారి బడలిక తీరినది. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపును వచ్చినది. అంకుడు కఱ్ఱ మాత్రము ఏటికేడు కఱవగుచున్నది. గుర్తింపు పత్రము చెట్లను మొలిపింపదు. కొండవాలులలో అంకుడు మొక్కలు నాటించి, పెరుగువఱకు కాపాడుట ప్రభుత్వమువారు వెంటనే పూనుకొనవలసిన కార్యము. కొనువారికి నేను చేయు మనవి మఱియొకటి కలదు. బొమ్మబండి చేతికి వచ్చినపుడు పైనున్న ఏనుగును తరువాత చూడవచ్చును. ముందుగా బండిని తలక్రిందు చేసి చక్రమును వ్రేలితో త్రిప్పి చూడుడు. అది ఊగక తిరిగినచో, అడిగిన వెల బేరమాడక యిచ్చి కొనుడు.