అన్నం మానేస్తే ట్రైగ్లిజరైడ్స్ తగ్గాయి.. మరి ఎల్‌డీఎల్ ఎందుకు పెరిగింది? లో కార్బ్ డైట్‌లో ఉన్నవాళ్లు రిపోర్టు ఇలా చదవండి

అన్నం, ఇడ్లీ, దోసె పక్కన పెట్టి మూడు నెలలు దాటింది. నడుము తగ్గింది, షుగర్ కంట్రోల్‌లోకి వచ్చింది. ఆ ఉత్సాహంతో లిపిడ్ ప్రొఫైల్ టెస్ట్ చేయిస్తే ట్రైగ్లిజరైడ్స్ సగానికి పడిపోయాయి, మంచి కొలెస్ట్రాల్ పెరిగింది. కానీ చెడు కొలెస్ట్రాల్ అంకె పక్కన మాత్రం ఎర్ర గుర్తు! లో కార్బ్, కీటో డైట్లు చేస్తున్న చాలామందికి ఎదురయ్యే పరిస్థితే ఇది. కొందరు భయపడి డైట్ మొత్తం వదిలేస్తారు. ఇంకొందరు ‘కీటోలో ఇది మామూలే’ అనుకుని రిపోర్టును పక్కన పడేస్తారు. రెండూ తొందరపాటే. రిపోర్టులో ఏ అంకె ఏం చెబుతోంది? దేన్ని పట్టించుకోవాలి? ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి? వివరంగా చూద్దాం.

రిపోర్టులో ఏముంటుంది?

మన దగ్గర ల్యాబ్‌లు ఈ అంకెలను డెసీలీటర్‌కు ఇన్ని మిల్లీగ్రాములు అని ఇస్తాయి. టోటల్ కొలెస్ట్రాల్ అంటే రక్తంలో ఉన్న కొలెస్ట్రాల్ అంతా కలిపి. ఎల్‌డీఎల్‌ను చెడు కొలెస్ట్రాల్ అంటాం, ఎందుకంటే రక్తనాళాల గోడల్లో పేరుకునేది ఎక్కువగా ఇదే. హెచ్‌డీఎల్‌ను మంచి కొలెస్ట్రాల్ అంటాం. ట్రైగ్లిజరైడ్స్ అసలు కొలెస్ట్రాలే కాదు, రక్తంలో తిరిగే కొవ్వు. వీఎల్‌డీఎల్ అనేది ఆ కొవ్వును లివర్ నుంచి శరీరానికి మోసుకెళ్లే వాహనం లాంటిది.

బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాల్లో ఉన్న మనవాళ్లకు రిపోర్టులు వేరే యూనిట్‌లో, అంటే లీటర్‌కు మిల్లీమోల్స్‌లో వస్తాయి. కొలెస్ట్రాల్ అంకెను 38.67తో, ట్రైగ్లిజరైడ్స్ అంకెను 88.57తో గుణిస్తే మన లెక్కలోకి మారుతుంది. అక్కడి 4.0 ఎల్‌డీఎల్ అంటే ఇక్కడి 155 అన్నమాట.

పిండి పదార్థాలు తగ్గిస్తే ఏం మారుతుంది?

మన భోజనంలో శక్తి ఎక్కువగా వచ్చేది అన్నం, గోధుమలు, పంచదార లాంటి వాటి నుంచే. అవసరానికి మించి తిన్న పిండి పదార్థాన్ని లివర్ కొవ్వుగా మార్చి ట్రైగ్లిజరైడ్స్ రూపంలో రక్తంలోకి పంపుతుంది. అందుకే అన్నం, స్వీట్లు తగ్గించగానే ముందుగా తగ్గేది ఈ అంకే. దాంతో పాటు హెచ్‌డీఎల్ కొంచెం పెరుగుతుంది. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ అనేది భారతీయుల్లో బాగా కనిపించే సమస్య. ఆ మేరకు ఈ మార్పు మంచిదే.

ఎల్‌డీఎల్ విషయం అలా కాదు. కొందరిలో తగ్గుతుంది, కొందరిలో మారదు, కొందరిలో బాగా పెరుగుతుంది. ముఖ్యంగా ముందే సన్నగా ఉండి, షుగర్ లేకుండా, కార్బ్స్ దాదాపు పూర్తిగా మానేసినవారిలో కొందరికి ఇది 200 దాటిపోతుంది.

ఒక్క తీసివేత లెక్క

అంకెల్లో కొన్ని పెరిగి, కొన్ని తగ్గినప్పుడు మొత్తంగా మేలు జరిగిందా, కీడు జరిగిందా అని తేల్చుకోవడం ఎలా? దానికి ఒక తేలిక లెక్క ఉంది. టోటల్ కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్‌ను తీసేయండి. వచ్చేదే నాన్ హెచ్‌డీఎల్ కొలెస్ట్రాల్. రక్తనాళాలకు హాని చేసే కణాలన్నిటిలో ఉన్న కొలెస్ట్రాల్ ఇందులోకి వస్తుంది. చాలా ల్యాబ్‌లు దీన్ని రిపోర్టులోనే ఇస్తున్నాయి. ఇవ్వకపోయినా మీరే లెక్కేసుకోవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. డైట్‌కు ముందు ఒకరికి టోటల్ 210, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్స్ 260, ఎల్‌డీఎల్ 120 ఉన్నాయి అనుకుందాం. నాన్ హెచ్‌డీఎల్ 172. డైట్ తర్వాత రెండు రకాల ఫలితాలు రావచ్చు.

మొదటి రకం: టోటల్ 205, హెచ్‌డీఎల్ 44, ట్రైగ్లిజరైడ్స్ 120, ఎల్‌డీఎల్ 137. ఎల్‌డీఎల్ 17 పాయింట్లు పెరిగింది కాబట్టి చెడిపోయింది అనిపిస్తుంది. కానీ నాన్ హెచ్‌డీఎల్ 172 నుంచి 161కి తగ్గింది. అంటే మొత్తం మీద కొంచెం మెరుగే. అయినా టార్గెట్‌కు ఇంకా దూరంగానే ఉన్నారు.

రెండో రకం: టోటల్ 250, హెచ్‌డీఎల్ 50, ట్రైగ్లిజరైడ్స్ 100, ఎల్‌డీఎల్ 180. ట్రైగ్లిజరైడ్స్ చూస్తే అద్భుతం, హెచ్‌డీఎల్ కూడా బాగుంది. కానీ నాన్ హెచ్‌డీఎల్ 172 నుంచి 200కు చేరింది. షుగర్, బరువు తగ్గినా రక్తనాళాల మీద భారం పెరిగిందనే అర్థం. ఇలాంటి రిపోర్టును ‘సగం బాగుంది కదా’ అని వదిలేయకూడదు.

ఎంత ఉంటే మంచిది?

కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో మన దేశానికంటూ కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం..

సాధారణ ఆరోగ్యవంతులు, రిస్క్ తక్కువ ఉన్నవారికి ఎల్‌డీఎల్ 100 లోపు, నాన్ హెచ్‌డీఎల్ 130 లోపు ఉండాలి.

షుగర్, బీపీ లాంటివి ఉండి రిస్క్ ఎక్కువున్నవారికి ఎల్‌డీఎల్ 70 లోపు, నాన్ హెచ్‌డీఎల్ 100 లోపు ఉండాలి.

ఇప్పటికే గుండెపోటు, పక్షవాతం లాంటివి వచ్చిన అత్యధిక రిస్క్ ఉన్నవారికి ఎల్‌డీఎల్ 55 లోపు, నాన్ హెచ్‌డీఎల్ 85 లోపు ఉండాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. ల్యాబ్ రిపోర్టు పక్కన ముద్రించే రేంజ్ అందరికీ ఒక్కటే. స్టెంట్ వేయించుకున్న మనిషికి ఎల్‌డీఎల్ 95 వచ్చినా రిపోర్టులో ఏ ఎర్ర గుర్తూ ఉండదు. కానీ ఆయనకు అది చాలా ఎక్కువ. అందుకే ‘రిపోర్టులో నార్మల్ అని ఉంది’ అనుకునే ముందు మీరు ఏ గ్రూపులోకి వస్తారో డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాలి.

ఎల్‌డీఎల్ కొలిచారా? లెక్కకట్టారా?

చాలా రిపోర్టుల్లో ఎల్‌డీఎల్ నేరుగా కొలిచింది కాదు, లెక్కకట్టింది. 1972 నుంచి వాడుతున్న ఫ్రీడ్‌వాల్డ్ ఫార్ములా ఇది. టోటల్ నుంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతును తీసేస్తారు. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్క పనిచేయదు. కీటోలో ఉన్నవారిలా ట్రైగ్లిజరైడ్స్ మరీ తక్కువున్నప్పుడు కూడా కొంత తేడా రావచ్చు. అనుమానం ఉంటే ‘డైరెక్ట్ ఎల్‌డీఎల్’ చేయమని అడగొచ్చు. ఇంకా స్పష్టత కావాలంటే ‘అపోబీ’ టెస్ట్ ఉంది. హాని చేసే కణాలు రక్తంలో ఎన్ని ఉన్నాయో ఇది అంచనా ఇస్తుంది. అయితే ఒక్క మాట. ఎల్‌డీఎల్ 180 అని వచ్చినప్పుడు ఫార్ములా తేడా కొద్ది పాయింట్లే ఉంటుంది. తప్పంతా లెక్కదే అని సరిపెట్టుకోవడానికి లేదు.

అసలు కారణం అన్నం మానడమా? కొవ్వు పోయడమా?

2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన డైట్ తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా వినిపించింది. అప్పటి నుంచి రోజూ కొబ్బరి నూనె తాగడం, నెయ్యి, వెన్న, మీగడ బాగా వాడటం చాలా ఇళ్లలో అలవాటైంది. పిండి పదార్థాలు తగ్గించడం ఒక పని, సంతృప్త కొవ్వు పెంచడం ఇంకో పని. రెండూ ఒకేసారి మొదలుపెట్టడంతో దేని ఫలితం ఏదో తెలియకుండా పోతోంది.

రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లివర్ తన రిసెప్టార్లతో లాక్కుని శుభ్రం చేస్తుంది. సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఆ రిసెప్టార్లు తగ్గుతాయి. దాంతో ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. కొబ్బరి నూనెలో 80 శాతానికి పైగా, నెయ్యిలో దాదాపు 60 శాతం, వెన్నలో సగం వరకు ఉండేది ఈ కొవ్వే. పల్లీ నూనె, నువ్వుల నూనెల్లో అది 20 శాతం లోపే.

రోజుకు 2,000 కేలరీలు తినేవారికి సంతృప్త కొవ్వు 22 గ్రాములు దాటొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 10 శాతం లెక్క. 70 గ్రాముల కొబ్బరి నూనె తాగితే ఒక్క దాని నుంచే 55 గ్రాములకు పైగా లోపలికి వెళ్తుంది. మిగతా నూనెలతో పోలిస్తే కొబ్బరి నూనె ఎల్‌డీఎల్‌ను 10 పాయింట్ల వరకు పెంచుతుందని 2020లో ‘సర్క్యులేషన్’ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ తేల్చింది. అది సాధారణ వాడకంలోని సగటు. మనిషిని బట్టి ఇంకా ఎక్కువ ఉండొచ్చు.

టెస్టుకు ముందు ఇవి గుర్తుంచుకోండి

పరగడుపున చేయించేటట్టయితే 9 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా ఉంటే చాలు. రోజంతా ఉపవాసం ఉండి వెళ్లొద్దు. మంచినీళ్లు తాగొచ్చు. వెన్న, కొబ్బరి నూనె కలిపిన కాఫీ తాగి వెళ్తే పరగడుపు కాదు, ట్రైగ్లిజరైడ్స్ పెరిగి కనిపిస్తాయి. ముందు రోజు మద్యం తాగినా అంతే.

జ్వరం, ఇన్ఫెక్షన్ తగ్గిన వెంటనే చేయిస్తే ఎల్‌డీఎల్ తప్పుగా తక్కువ చూపించవచ్చు. బరువు వేగంగా తగ్గుతున్న రోజుల్లో అంకెలు పైకీ కిందికీ ఊగుతాయి. బరువు నిలకడగా ఉన్న కొన్ని వారాల తర్వాత చేయించిన టెస్టే నమ్మదగింది. ఒకే మనిషికి రెండుసార్లు చేసినా 5-10 శాతం తేడా వస్తుంది కాబట్టి 128, 135ల మధ్య తేడాకు కంగారు పడక్కర్లేదు. డైట్ మొదలుపెట్టే ముందే ఒక టెస్ట్ చేయించి రిపోర్టు దాచుకుంటే పోల్చుకోవడం తేలిక.

ఈ మాటలు నమ్మి మోసపోవద్దు

‘ట్రైగ్లిజరైడ్స్, హెచ్‌డీఎల్ రేషియో బాగుంది, ఇంకేం భయం లేదు’: పై ఉదాహరణలో రెండో రకం ఫలితంలోనూ ఈ రేషియో 6.8 నుంచి 2కు తగ్గింది. ఇన్సులిన్ సరిగా పనిచేస్తోందా అనే దానికి ఇది ఒక గుర్తు. పెరిగిన ఎల్‌డీఎల్‌ను అది రద్దు చేయదు.

‘హెచ్‌డీఎల్ పెరిగింది, అదే కాపాడుతుంది’: మందులతో హెచ్‌డీఎల్‌ను పెంచి చూసిన ప్రయోగాల్లో గుండెపోట్లు ఆశించినట్టు తగ్గలేదు. హెచ్‌డీఎల్ కవచం కాదు.

‘కీటోలో పెరిగేవి పెద్ద కణాలు, అవి హాని చేయవు’: కణం పెద్దదైనా చిన్నదైనా రక్తనాళం గోడలోకి చేరుతుంది. ఎన్ని ఉన్నాయన్నదే ముఖ్యం.

‘డైట్ మొదలుపెట్టాం కదా, ఇక స్టాటిన్ మాత్ర ఎందుకు’: అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. స్టెంట్ ఉన్నవారు, గుండెపోటు వచ్చినవారు షుగర్ తగ్గిందని సొంతంగా స్టాటిన్ ఆపేస్తే ఎల్‌డీఎల్ కొన్ని వారాల్లోనే పాత స్థాయికి వచ్చేస్తుంది. పైగా బయటికి ఏ లక్షణమూ కనిపించదు.

పెరిగితే ఏం చేయాలి?

ముందు కొవ్వు మార్చండి. అన్నం తగ్గించడం కొనసాగిస్తూనే కొబ్బరి నూనె, నెయ్యి, వెన్న, మీగడ బదులు పల్లీ నూనె, నువ్వుల నూనె కొలిచి వాడండి. మటన్ తగ్గించి చేపలు, తోలు తీసిన చికెన్ తినండి. గుప్పెడు బాదం, పల్లీలు, అవిసె గింజలు చేర్చండి. ఆకుకూరలు, బెండకాయ, మెంతులు వంటి పీచు ఉన్నవి పెంచండి. ఇసబ్‌గోల్ కూడా ఎల్‌డీఎల్‌ను కొంత తగ్గిస్తుంది.

సన్నగా ఉండి ఎల్‌డీఎల్ 200 దాటినవారు మరీ కఠినంగా ఉండకుండా ఒకపూట పప్పు, పండు, ఒక జొన్న రొట్టె తిరిగి చేర్చుకోవడం మంచిది. ఇలాంటివారిలో కొద్దిపాటి కార్బ్స్‌తోనే అంకె తగ్గిన కేసులు వైద్య జర్నల్స్‌లో ఉన్నాయి. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది, కాబట్టి టీఎస్‌హెచ్ టెస్ట్ కూడా చేయించాలి. జీవితంలో ఒక్కసారైనా లైపోప్రోటీన్ ఏ టెస్ట్ చేయించుకోవాలని మన మార్గదర్శకాలే చెబుతున్నాయి. 50 దాటితే రిస్క్ ఎక్కువ. ఈ మార్పుల తర్వాత రెండు మూడు నెలలకు మళ్లీ లిపిడ్ ప్రొఫైల్ చేయించి నాన్ హెచ్‌డీఎల్ పోల్చుకోండి.

వీళ్లు మాత్రం ఆగొద్దు

ఎల్‌డీఎల్ 190, ఆపైన ఉన్నవారు డైట్ సంగతి తర్వాత, ముందు డాక్టర్‌ను కలవాలి. ఇంట్లో చిన్న వయసులో గుండెపోట్లు ఉంటే ఇది వంశపారంపర్యంగా వచ్చిన సమస్య కావచ్చు. అప్పుడు పిల్లలకూ టెస్ట్ అవసరం. ట్రైగ్లిజరైడ్స్ 500 దాటినవారికి పాంక్రియాస్ వాపు ముప్పు ఉంటుంది. వీళ్లు నూనె తాగే డైట్లు సొంతంగా మొదలుపెట్టొద్దు. షుగర్‌కు ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు కార్బ్స్ ఒక్కసారిగా మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు, డోసు డాక్టరే మార్చాలి. గుండె జబ్బు ఉన్నవారు ‘మూడు నెలలు చూద్దాం’ అని ఎదురుచూడకూడదు.

షుగర్ తగ్గడం, బరువు తగ్గడం నిజమైన లాభాలే. వాటిని పోగొట్టుకోకుండానే కొలెస్ట్రాల్‌ను దారిలో పెట్టుకోవచ్చు. చాలామందికి మార్చాల్సింది కంచంలో అన్నం కాదు, గిన్నెలో నూనె.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మీ రిపోర్టుపై నిర్ణయాలు, మందుల్లో మార్పులు డాక్టర్ సలహాతోనే చేయాలి.