కుండీలో ఇమిడిన ఋతుచక్రము

ఉత్తర ఐరోపా దేశములలో అక్టోబరు మాసము వచ్చుసరికి చెట్ల ఆకులు పండి రాలిపోవుచుండును. పగళ్లు దినదినమునకు తగ్గిపోవును. తోటపని యందు మక్కువ గల గృహస్థులు అప్పుడొక పెద్ద మట్టికుండీని సిద్ధము చేసికొందురు. అడుగున నీరు పోవుటకు రంధ్రముండవలెను. కొంత మన్ను పోసి ట్యూలిప్ దుంపలను పేర్చుదురు. వాటిపై మరికొంత మన్ను పోసి హయసింత్ దుంపలను, ఆపైన కుంకుమపువ్వు జాతికి చెందిన క్రోకస్ దుంపలను ఉంచుదురు. అన్నిటికంటె పైన పాన్సీ మొక్కలను నాటుదురు. శరత్తులో పాన్సీలు పూయును. మంచుకాలము ముగియుచుండగా క్రోకస్‌లు, పిమ్మట హయసింత్‌లు, వసంతము నిండుగా వచ్చిన తరువాత ట్యూలిప్‌లు పూయును. ఒకే కుండీలో ఆరేడు నెలల పాటు రంగులు తరుగవు.

చూచుటకు ఇది సులభమైన పనియే. కాని దీని వెనుక ఒక ప్రశ్న ఉన్నది. మన్నుక్రింద చీకటిలో నున్న దుంపకు వసంతము వచ్చినదని ఎట్లు తెలియును? శరత్తులో పూయు చేమంతి వేసవిలో ఎందుకు పూయదు? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకుటకు మూడు శతాబ్దములకు పైగా పట్టినది. ఆ సమాధానములలో ముఖ్యమైనవి కొన్ని కుండీల సహాయముననే లభించుట గమనింపదగిన విషయము.

ట్యూలిప్ ప్రయాణము

ట్యూలిప్ ఐరోపాకు చెందిన తోటపువ్వు కాదు. దాని పుట్టినిల్లు మధ్య ఆసియాలోని కొండ ప్రాంతములు. అచ్చట వేసవి ఎండలు తీవ్రము. శీతకాలము మంచుతో నిండియుండును. ఆ రెండింటికిని తట్టుకొనుటకై ఈ మొక్క తన ఆహారమును నీరుల్లిగడ్డ వంటి దుంపలో దాచుకొనును. వృక్షశాస్త్రమున దీనిని లశునము అందురు. తురుష్కులు ఈ పువ్వును తమ ఉద్యానములలో ఎంతయో ప్రేమతో పెంచిరి. 1559వ సంవత్సరమున స్విట్జర్లాండు దేశపు పండితుడు కాన్రాడ్ గెస్నర్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరమున ఒక తోటలో ట్యూలిప్ పూవును చూచి, తరువాత దానిని వర్ణించెను.

కరోలస్ క్లూసియస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు వియన్నా నగరమున చక్రవర్తి ఉద్యానములలో పనిచేయుచు ఈ దుంపలను సేకరించి పెంచెను. 1593లో ఆయన హాలండులోని లైడెన్ విశ్వవిద్యాలయమునకు వచ్చునప్పటికి వయస్సు 67 సంవత్సరములు. ఆ సంవత్సరము శరత్తులో నాటిన ట్యూలిప్‌లు 1594 వసంతమున పూచినవి. క్లూసియస్‌కు ఇది శాస్త్రవిషయము. ధనికులకు మాత్రము విలాసవస్తువు. ఆయన తోటలోని దుంపలను దొంగలు త్రవ్వుకొనిపోయిరి.

నలుబది సంవత్సరములు గడచునప్పటికి ట్యూలిప్ హాలండులో వ్యాపార వస్తువైనది. సాదారంగు పూలకంటె తెల్లని లేక పసుపుపచ్చని నేలపై ఎర్రని, ఊదారంగు జ్వాలల వంటి చారలు గల పూలకు ధర అధికము. దుంపలు మన్నులో నున్న శీతకాలమందే, పువ్వును చూడకయే, కాగితముపై క్రయవిక్రయములు జరిగెడివి. 1637 ఫిబ్రవరి 5వ తేదీన ఆల్క్‌మార్ పట్టణమున, తండ్రిని పోగొట్టుకొన్న అనాథ బాలల కొరకు జరిగిన వేలములో ఒక దుంప 4,000 గిల్డర్లకు పైగా పలికినది. నైపుణ్యము గల పనివాడు సంవత్సరమంతయు కష్టించినను సుమారు 300 గిల్డర్లు మాత్రమే గడించు కాలమది. ఆ మాసమందే ధరలు ఒక్కసారిగా కూలిపోయినవి. దేశమంతయు దివాలా తీసినదని తరువాతివారు వ్రాసిరి గాని, అది అతిశయోక్తియని ఇటీవలి చరిత్రకారులు ఆనాటి పత్రములను పరిశీలించి తేల్చిరి. ఒప్పందముల తగవులు మాత్రము చాలకాలము నడచినవి.

అందము కాదు, వ్యాధి

ఆ చారలు ఎట్లు వచ్చును? సాదా పువ్వు పూచిన దుంపయే మరుసటి సంవత్సరము చారల పువ్వు పూయుట కద్దు. తోటమాలులు మన్ను మార్చిరి, ఎరువు మార్చిరి, రెండు రంగుల దుంపలను చెక్కలుగా కోసి జతచేసిరి. ఏ ఉపాయమును నమ్మదగినదిగా కనబడలేదు. కాని చారలు వచ్చిన మొక్క క్రమముగా బలహీనపడునని క్లూసియస్ ఆనాడే గమనించెను.

1928లో లండను సమీపమున మెర్టన్‌లోని జాన్ ఇన్నెస్ ఉద్యాన పరిశోధనాలయమున డొరొథీ కేలీ అను శాస్త్రజ్ఞురాలు తన ప్రయోగముల ఫలితములను ప్రకటించెను. చారల పూలిచ్చు దుంప ముక్కను సాదా దుంపకు అంటుకట్టగా, సాదా దుంప నుండియు చారల పూలు వచ్చుట ఆమె చూపెను. అనగా ఇది జాతిలక్షణము కాదు, అంటువ్యాధి. దీనికి కారణము ఒక వైరసు. పేనుబంక పురుగులు దానిని మొక్క నుండి మొక్కకు చేరవేయును. పూరేకులలో ఎరుపు, ఊదా వర్ణములను కలిగించు ఆంథోసయనిన్ అను పదార్థము అంతటను సమముగా తయారు కాకుండ ఈ వైరసు అడ్డుపడును. అడ్డుపడినచోట అడుగునున్న తెలుపో పసుపో బయటపడును. వ్యాధి సోకిన దుంప తక్కువ పిల్లదుంపలను పెట్టును. అందుచేత అది అరుదగును, అరుదగుటచేత ప్రియమగును. ఆల్క్‌మార్ వేలమున ప్రజలు వెల పెట్టి కొన్నది ఒక రోగలక్షణమును! ఈనాడు అంగళ్లలో దొరకు చారల ట్యూలిప్‌లు సాధారణముగా వైరసు లేని, చారలు సహజలక్షణముగా గల రకములు.

చలి చేయు పని

దుంపకు వసంతము వచ్చినదని ఎట్లు తెలియునను ప్రశ్నకు 20వ శతాబ్దిలో హాలండులోని వాగెనింగెన్ నగరమున ఆంటన్ బ్లావ్ అను శాస్త్రజ్ఞుడు మార్గము చూపెను. ఆయనయు, ఆయన సహచరులును హయసింత్, ట్యూలిప్ దుంపలను మాసమాసమునకు కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. వసంతమున పూయు పువ్వు వసంతమున పుట్టుట లేదని తెలిసినది. ట్యూలిప్ ఆకులు ఎండిన పిమ్మట, వేసవిలో, 17 నుండి 20 సెంటీగ్రేడు డిగ్రీల వెచ్చదనమున దుంప నడుమ పూమొగ్గ ఏర్పడును. శరత్తున కుండీలో నాటునప్పటికే ఆరు పూరేకులు, ఆరు కేసరములు, అండాశయము చిన్న రూపమున లోపల సిద్ధముగా నుండును.

అట్లయిన వెంటనే ఎందుకు పూయదు? కాడ సాగుటకు చలి కావలెను. 5 నుండి 9 డిగ్రీల చలిలో సుమారు 12 నుండి 16 వారములు గడచిననే దుంపలో దాచిన పిండిపదార్థము చక్కెరలుగా మారుట, కాడలోని కణములు సాగుటకు సిద్ధపడుట సక్రమముగా జరుగును. చలి చాలనిచో పువ్వు ఆకుల నడుమ కురుచగా నిలిచిపోవును, లేక లోపలనే ఎండిపోవును. దుంప చలిదినములను లెక్కపెట్టుకొనుచున్నదనినచో తప్పులేదు. ఈ విషయము తెలిసిన తరువాత శీతల గదులలో దుంపలకు కృత్రిమముగా చలి కలిగించి, కోరిన మాసమున పూయించుట సాధ్యమైనది.

ఆ దుంపలోని పిండిపదార్థము ఒకప్పుడు మనుష్యుల ప్రాణములను నిలిపినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1944–45 శీతకాలములో, జర్మను సైన్యముల అధీనమందున్న పశ్చిమ హాలండులో తీవ్రమైన కరవు ఏర్పడి సుమారు 20,000 మంది మరణించిరి. తిండి దొరకని ప్రజలు ట్యూలిప్ దుంపలను ఉడికించుకొని తినిరి. దుంప నడుమనున్న పసుపుపచ్చని మొలకను తీసివేసి వండవలెనని వారికి చెప్పబడెను. అది మంచిది కాదని భయము. ఆ మొలకయే రాబోవు వసంతపు పువ్వు. మూడు వందల సంవత్సరముల క్రిందట ఇంటింట కలవరము కలిగించిన దుంప, ఆ శీతకాలమున పువ్వును వదలుకొని అన్నమైనది.

చేమంతి చెప్పిన రహస్యము

ఇక శరత్తు సంగతి. ఐరోపాలో శరత్తు పూలకు రాణి చేమంతి. చీనాదేశము నుండి 1789లో పియెర్ బ్లాంకార్ అను ఫ్రెంచి వర్తకుడు ఊదారంగు చేమంతిని మార్సెయిల్స్ రేవునకు తెచ్చెను. అది కుండీలలో చక్కగా పెరిగినది గాని, ఎంత ముందుగా నాటినను శరత్తు రానిదే పూయదు. చలియే కారణమని చాలమంది తలచిరి.

1912 ప్రాంతమున జూలియన్ టూర్న్వా అను ఫ్రెంచి యువకుడు జనపనార జాతి మొక్కలపై పనిచేయుచు, పగటి నిడివి తగ్గుటయే పూతకు కారణమని గ్రహించెను. కాని 1914లో యుద్ధమున ఆయన మరణించెను. పని అర్ధాంతరముగా ఆగిపోయెను.

ఆ యుద్ధము ముగియకముందే అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు మరియొక చిక్కుప్రశ్నతో కుస్తీ పట్టుచుండిరి. మేరీలాండ్ మామత్ అను పొగాకు రకము వేసవిలో పొలమున మనిషిని మించి పెరుగును గాని పూయదు. అదే మొక్క శీతకాలమున గాజుగృహములోని కుండీలో చిన్నదిగా నుండియే పూయును. బిలాక్సీ అను సోయా చిక్కుడును వేరు వేరు తేదీలలో విత్తినను అన్నియు సెప్టెంబరులోనే పూచినవి. వారు ఉష్ణోగ్రత, తేమ, ఎరువు, వెలుతురు తీవ్రత ఒక్కొక్కటిగా పరీక్షించి తోసివేసిరి. మిగిలినది పగటి నిడివి ఒక్కటే.

1918 జూలైలో వారు కొన్ని పొగాకు, సోయా మొక్కలను పాత్రలలో పెంచి, ప్రతిదినము సాయంత్రము నాలుగు గంటలకు చిన్న చీకటికొట్టములో పెట్టి, మరునాడు ఉదయము తొమ్మిది గంటలకు వెలుపలికి తెచ్చిరి. మొక్కలకు దక్కిన పగలు ఏడు గంటలు. ఆ మొక్కలు వేసవిలోనే పూచినవి. ప్రక్కన ఆరుబయట నున్నవి పూయలేదు. 1920లో ఈ ఫలితములు ప్రకటింపబడెను. చేమంతి వంటివి హ్రస్వదిన మొక్కలు, మరికొన్ని దీర్ఘదిన మొక్కలు, కొన్నిటికి పగటి నిడివితో నిమిత్తము లేదు అను విభజన అప్పటినుండి వచ్చినది. పొలములోని మొక్కను చీకటికొట్టములోనికి తీసికొనిపోలేము. మొక్కను కదలింప వీలగు పాత్ర లేకున్న ఈ ప్రయోగమే లేదు.

ఆకు చేయు గణన

1930వ దశకమున రష్యాలో చైలఖ్యాన్ చేమంతి మొక్కలతోనే మరియొక ప్రయోగము చేసెను. ఆకులకు మాత్రము చిన్న పగలును, కొనకు దీర్ఘమైన పగలును కలిగించెను. మొక్క పూచినది. ఆకులకు దీర్ఘమైన పగలు, కొనకు చిన్న పగలు కల్పింపగా పూయలేదు. అనగా కాలమును గుర్తించునది ఆకు. ఆ వార్తను కొనకు చేరవేయు పదార్థ మేదియో ఉన్నది. అది ఎఫ్.టి. అను ప్రోటీను అని 2007లో స్పష్టమైనది.

1938లో హామ్నర్, బానర్ అనువారు మరియొక సత్యమును కనుగొనిరి. మన పొలాల గట్లపై పెరుగుచు, ముళ్లకాయలతో బట్టలకు అంటుకొను మరులమాతంగి మొక్కయే వారి సాధనము. దీర్ఘమైన రాత్రి నడుమ కొద్దిసేపు దీపము వెలిగించిన అది పూయలేదు. పగటి నడుమ కొద్దిసేపు చీకటి చేసినను ఏ మార్పును లేదు. మొక్క కొలుచునది పగటిని కాదు, ఎడతెగని చీకటిని! ఎర్రకాంతిని గ్రహించి ఈ పని చేయు ఫైటోక్రోమ్ అను వర్ణద్రవ్యమును 1950వ దశకమున బెల్ట్స్‌విల్‌లోని అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞులు గుర్తించిరి. నల్లగుడ్డ కప్పియు, దీపములు వెలిగించియు చేమంతిని ఏ మాసమందైనను పూయించు వృత్తి దీనిపై ఆధారపడియున్నది.

మన కుండీలు

తెలుగుదేశమున చేమంతులు కార్తీకము నుండి సంక్రాంతి వరకు అంగళ్లను నింపుటకు కారణము ఇప్పుడు బోధపడును. రాత్రులు పెరుగుటయే ఆ మొక్కకు కబురు. ట్యూలిప్ మాత్రము మన మైదానములలో స్థిరపడదు. హైదరాబాదున జనవరి రాత్రులు కూడ సగటున 15 డిగ్రీలకు సమీపమున నుండును. దుంప కోరు పండ్రెండు వారముల చలి ఇచ్చట లేదు. చలిపెట్టెలో నుంచి తెచ్చిన దుంప ఒక్కసారి పూచినను, మరుసటి సంవత్సరము నిరాశయే. శ్రీనగరులో 2007లో నెలకొల్పిన ట్యూలిప్ తోట ఏటేట పూయుటకు అచ్చటి శీతకాలమే ఆధారము.

పాఠశాలలో చేయదగిన ప్రయోగమొకటి కలదు. ఆగస్టు చివర ఒకే తల్లిమొక్క నుండి తీసిన చేమంతి పిలకలను ఆరు కుండీలలో నాటి, మూడింటిని రాత్రి చీకటిగా నుండు స్థలమున ఉంచవలెను. తక్కిన మూడింటిపై ప్రతిరాత్రి పది గంటల నుండి రెండు గంటల వరకు దీపము వెలిగించవలెను. నీరు, ఎరువు, ఎండ అన్నిటికిని సమానముగా నుండవలెను. మొదటి మొగ్గ కనబడిన తేదీలను విద్యార్థులు వ్రాసికొని పోల్చవలెను. రకమును బట్టి తేడా ఎక్కువగనో తక్కువగనో ఉండవచ్చును. గార్నర్, అల్లార్డ్‌లకు చీకటికొట్టమును కొన్ని పాత్రలును చాలినవి. మన విద్యార్థికి ఒక దీపము, ఆరు కుండీలు, ఓపికగా వ్రాసిన ఒక పుస్తకము చాలును.