వూస్టర్ వీధిలో ఇరవై మంది

న్యూయార్క్‌లోని సోహోలో ఫ్యాక్టరీలు ఖాళీ చేసిపోయిన పాత భవంతుల్లో చిత్రకారులు కాపురాలు పెట్టుకున్నారు. ఇళ్లుగా వాడుకోడానికి అనుమతి లేని చోట్లవి. తర్వాత నగర పాలకులు ఒప్పుకుని, గుమ్మం దగ్గర ఎ.ఐ.ఆర్. అన్న పలక పెట్టే పద్ధతి తెచ్చారు. ‘ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్’ అని దానర్థం. నిప్పంటుకుంటే లోపల మనుషులున్నారని అగ్నిమాపక దళానికి తెలియాలి కదా! 1972 సెప్టెంబర్‌లో 97 వూస్టర్ వీధిలో ఇరవై మంది స్త్రీలు గ్యాలరీ తెరిచినప్పుడు దానికి పెట్టుకున్న పేరు అదే. హోవర్డీనా పిండెల్ మొదట జేన్ ఐర్ నవలని తల్చుకుని ‘ఐర్’ అందామంది. ఆ మాటే సాగి సాగి ఎ.ఐ.ఆర్. అయింది. లోపల మనుషులున్నారని చెప్పే పలక. వాళ్లకి ఇంతకన్నా సరైన పేరు దొరికేది కాదనిపిస్తుంది నాకు.

ఎందుకంటే లోపల వాళ్లున్న సంగతి మ్యూజియంలకి పట్టలేదు. 1969లో విట్నీ మ్యూజియం వార్షిక ప్రదర్శనలో 140 మందికి పైగా కళాకారులుంటే అందులో స్త్రీలు 8 మంది. మరుసటి ఏడు స్త్రీలు సగం వాటా అడుగుతూ మ్యూజియం దగ్గర నిరసన చేశారు, లోపల మెట్ల మీదా మూలల్లోనూ కోడిగుడ్లు వదిలి వచ్చారు. ‘మంచి కళాకారిణులు దొరకడం లేదండీ’ అన్న జవాబు మనకీ పరిచయమే. బార్బరా జుకర్, సూజన్ విలియమ్స్ గ్యాలరీ ఆలోచన మొదలుపెట్టి విమర్శకురాలు లూసీ లిపార్డ్ దగ్గరికి వెళితే, ఆవిడ పోగు చేసిన స్త్రీల చిత్రాల స్లైడ్లు వందలకొద్దీ ఉన్నాయి. వాటిని చూసి, స్టూడియోలు తిరిగి, ఇరవై మంది అయ్యారు.

గోడలు వాళ్లే నిలబెట్టారు, నేల వాళ్లే బాగు చేసుకున్నారు. నెలనెలా చందాలు వేసుకున్నారు. వంతులవారీగా బల్ల దగ్గర కూర్చున్నారు. చిన్న పత్రిక నడిపిన వాళ్లకి ఇదంతా కొత్త కాదు. చందాలు పోగెయ్యడం, కట్టలు కట్టి పోస్టాఫీసుకి మోసుకెళ్లడం, సమావేశంలో ఒకరి మీద ఒకరు అలగడం. అయితే ఆ చాకిరీకి ఒక ఫలితం ఉంది. తన వంతు వచ్చినప్పుడు గోడ మీద ఏం పెట్టాలో ఆమె ఇష్టం. ఇది అమ్ముడుపోదు అనే వ్యాపారి మధ్యలో లేడు. జుడిత్ బెర్న్‌స్టైన్ మర మేకుల్ని పురుషాంగాల్లా గీసిన పెద్ద పెద్ద బొగ్గు చిత్రాలతో తన మొదటి సొంత ప్రదర్శన 1973లో ఇక్కడే పెట్టింది. మరుసటి ఏడు ఫిలడెల్ఫియాలో అలాంటి చిత్రాన్నే వద్దని పక్కన పెట్టేశారు.

ఇప్పుడు గ్యాలరీలు ‘ఎదుగుతున్న కళాకారులు’ అనే మాట వాడితే వయసు పరిమితి కూడా చెప్తుంటాయి. గ్యాలరీ తెరిచేనాటికి నాన్సీ స్పెరోకి 46 ఏళ్లు, ముగ్గురు కొడుకుల తల్లి. కాగితాలు ఒకదానికొకటి అతికించి చేసిన ‘కోడెక్స్ ఆర్టో’ని 1973లో ఇక్కడ ప్రదర్శించింది. పిల్లలు పెరిగే దాకా అర్ధరాత్రుళ్లు పని చేసుకున్న మనిషి ‘ఎదగడం’ ఏ వయసులో మొదలైందని లెక్క కట్టాలి?

ఇంతవరకూ కథ బాగుంది. కానీ ఆ ఇరవై మందిలో నల్లజాతి స్త్రీ పిండెల్ ఒక్కతే.

ఈ లెక్క ఎనిమిదేళ్ల తర్వాత అదే గోడల మధ్య బయటికొచ్చింది. 1980 సెప్టెంబర్‌లో అనా మెండియెటా, కజుకో మియమోటో, జరీనా కలిసి ‘డయలెక్టిక్స్ ఆఫ్ ఐసొలేషన్’ అనే ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఒకరిది క్యూబా, ఒకరిది జపాన్, ఒకరిది అలీగఢ్. అమెరికాలోని మూడో ప్రపంచ స్త్రీల ప్రదర్శన అని ఉపశీర్షిక పెట్టారు. ఎనిమిది మంది పాల్గొన్నారు. జూడీ బాకా, బెవర్లీ బుకానన్, సెంగా నెంగుడి వాళ్లలో ఉన్నారు. అమెరికా స్త్రీవాదం ప్రధానంగా తెల్ల మధ్యతరగతి ఉద్యమమేనని మెండియెటా కేటలాగు ముందుమాటలో మొహమాటం లేకుండా రాసింది. రాసింది బయటినుంచి కాదు, 1978 నుంచీ ఆమె ఆ గ్యాలరీ సభ్యురాలే.

పిండెల్ ఆ ప్రదర్శనలో పన్నెండు నిమిషాల వీడియో పెట్టింది, ‘ఫ్రీ, వైట్ అండ్ 21’. కెమెరాకేసి చూస్తూ, గొంతు పెంచకుండా తన జీవితం చెప్తుంది. చిన్నప్పుడు తన తల్లి ఒంటి నలుపుని మురికి అనుకుని పిల్లల్ని చూసే ఆవిడ కాస్టిక్ సోడాతో కడిగితే చేతి మీద మచ్చ పడిన సంగతి అందులో ఒకటి. మధ్యమధ్యలో విగ్గు పెట్టుకుని, నల్లద్దాలతో, తెల్ల రంగు పూసుకుని ఒక తెల్ల స్త్రీ వేషం కూడా తనే వేసి, నీకంతా అనుమానమే, కృతజ్ఞత లేదు అన్న ధోరణిలో జవాబిస్తుంది. స్త్రీల సమావేశంలో స్త్రీకే వచ్చే జవాబు అది. 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ తర్వాత తెలుగులో దళిత, ముస్లిం స్త్రీలు ‘ఇందులో మేమెక్కడ’ అన్నప్పుడు జరిగిన వాదోపవాదాలు గుర్తున్న వాళ్లకి ఆ తెల్ల స్త్రీ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. మెండియెటా ప్రశ్నని ఇవాళ మన గ్యాలరీలకి వేసి చూడండి, జవాబు సుఖంగా ఉండదు.

ఈ గ్యాలరీకి 1979లో బొంబాయి నుంచి ఒక అతిథి వెళ్లింది. నళినీ మలానీ. స్పెరోనీ మెండియెటానీ కలిసింది. ఇక్కడ కూడా స్త్రీల ప్రదర్శన ఒకటి పెద్ద ఎత్తున పెట్టాలనుకుని తిరిగి వస్తే, ఆదుకునే వాళ్లు లేరు. చివరికి ఎనిమిదేళ్లకి, 1987లో, అర్పితా సింగ్, నీలిమా షేక్, మాధవీ పారేఖ్‌లతో కలిసి ‘త్రూ ది లుకింగ్ గ్లాస్’ మొదలైంది. పేరున్న వ్యాపార గ్యాలరీలు కావు, 1989 వరకూ దేశంలో అయిదు చోట్ల తిరిగిన ప్రదర్శన. నలుగురూ నీటి రంగుల పనిని ముందుకి తెచ్చారు. నూనె రంగుల పక్కన నీటి రంగుల్ని తేలిగ్గా చూసే అలవాటు ఉండనే ఉంది కదా. పైగా కాగితం తేలిక, ఊరూరా మోసుకెళ్లొచ్చు. వాళ్లలో మాధవీ పారేఖ్ ఏ కళాశాలలోనూ చదవలేదు. గుజరాత్ పల్లెలో పెరిగింది. 1964లో కడుపుతో ఉన్న రోజుల్లో బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టింది. బరోడాలో చదివిన నీలిమా షేక్ చిత్రాలూ, ఆమె చిత్రాలూ ఆ అయిదు చోట్లా ఒకే గదుల్లో వేలాడాయి.