సర్గ్ సంప్రదింపు సభ

సభకు జనాన్ని పిలవటం వేరు, వారిచేత నోరు విప్పించటం వేరు. పదిమంది కూర్చుని ఒకరి మాటకు తలలూపి లేచిపోతే దాన్ని సమావేశం అనవచ్చునేమో గాని, షూరా అనటానికి వీల్లేదు. ఈ తేడా ఎంతటిదో హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో జరిగిన ఒక సంప్రదింపు తేటతెల్లం చేస్తుంది.

ఆ సంప్రదింపుకు పునాది అంతకు ముందే పడింది. హిజ్రీ 3 (క్రీ.శ. 625)లో ఉహద్ యుద్ధానికి ముందు, మదీనాలోనే ఉండి శత్రువును ఎదుర్కోవాలని దైవప్రవక్త (స) అభిప్రాయపడ్డారు. బద్ర్‌లో పాల్గొనే అవకాశం లభించని వారు, ముఖ్యంగా యువకులు, బయటికి వెళ్ళి పోరాడాలని పట్టుబట్టారు. ఆయన వారి మాట మన్నించారు. ఆ యుద్ధంలో ముస్లింలకు తీవ్రనష్టం వాటిల్లింది. అయినా ఆ తరువాత అవతరించిన ఆలి ఇమ్రాన్ సూరా 159వ వాక్యం, వారిని క్షమించమనీ, వ్యవహారాల్లో వారిని సంప్రదించమనీ ఆదేశించింది. ఒక సలహా బెడిసికొట్టినంత మాత్రాన సలహా అడిగే పద్ధతినే విడిచిపెట్టరాదన్నమాట.

హిజ్రీ 17-18 (క్రీ.శ. 638-639) నాటి సంగతి. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు ప్రయాణమై, హిజాజ్ సరిహద్దున ఉన్న సర్గ్ చేరుకున్నారు. సేనాని హజ్రత్ అబూ ఉబైదా (రజి), ఇతర సేనాధిపతులు ఎదురువచ్చి, సిరియాలో ప్లేగు వ్యాపించిందని తెలిపారు. ముందుకు సాగాలా, మరలిపోవాలా? ఆయన వెంట ప్రవక్త (స) సహచరులు ఎందరో ఉన్నారు. నిర్ణయం తప్పితే ప్రాణాలు పోతాయి.

ఖలీఫా అందరినీ ఒకేచోట గుమికూర్చలేదు. ముందుగా తొలి ముహాజిర్లను పిలిపించారు. వచ్చిన పని విడిచి మరలరాదని కొందరు, ఇందరిని మహమ్మారి పాలు చేయరాదని కొందరు అన్నారు. వారిని పంపి అన్సార్లను పిలిపించారు. వారిలోనూ అదే భేదం. చివరగా మక్కా విజయకాలపు ముహాజిర్లయిన ఖురైష్ పెద్దలను పిలిపించారు. మరలిపోవటమే మంచిదని వారంతా ఏకగ్రీవంగా చెప్పారు. అప్పుడు గాని ఖలీఫా తన నిర్ణయం ప్రకటించలేదు.

నిర్ణయం వెలువడిన తరువాత కూడా నోళ్ళు మూతపడలేదు. ఇది దైవనిర్ణయం నుండి పారిపోవటం కాదా అని అబూ ఉబైదా (రజి) నిలదీశారు. ఒక దైవనిర్ణయం నుండి మరో దైవనిర్ణయం వైపే పోతున్నామని ఖలీఫా బదులిచ్చారు. లోయకు ఒకవైపు పచ్చిక, మరోవైపు బంజరు ఉంటే ఒంటెలను ఎటు మేపినా అది దైవనిర్ణయమే కదా అని ఉదాహరణ చెప్పారు. అధికారంతో కాక, కారణంతో సమాధానమిచ్చారు.

ఏదో పనిమీద వెళ్ళి అంతవరకు అక్కడ లేని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అప్పుడు వచ్చారు. ప్లేగు ఉన్న ప్రదేశానికి వెళ్ళరాదనీ, ఉన్నచోట అది వ్యాపిస్తే దానికి భయపడి పారిపోరాదనీ దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానన్నారు. ఖలీఫా అల్లాహ్‌ను స్తుతించి మరలిపోయారు. అందరికీ అవసరమైన జ్ఞానం అందరికన్నా ఆలస్యంగా వచ్చిన వ్యక్తి వద్ద ఉంది. తీర్మానం అయిపోయిందని తలుపు మూసి ఉంటే ఆ హదీసు ఆనాడు సభకు అందేది కాదు.

ఈ వృత్తాంతాన్ని ఉల్లేఖించిన హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) అప్పటికి సుమారు ఇరవై ఏళ్ళవారు. ఆ బృందాలను పిలుచుకు వచ్చినది ఆయనే. బద్ర్ యోధులైన పెద్దల సరసన ఈ యువకుణ్ణి కూర్చోబెడుతున్నందుకు కొందరు అభ్యంతరం చెప్పినా ఖలీఫా ఆ అలవాటు మానలేదు. వయసు కాక, తెలివిడి అక్కడ అర్హత.

అబూ ఉబైదా (రజి) తిరిగి తన సైన్యం వద్దకు వెళ్ళారు. హిజ్రీ 18లో సైనికుల మధ్యనే ఉండి అదే ప్లేగులో కన్నుమూశారు. ఒకరు ఆ నేలపై అడుగుపెట్టలేదు, మరొకరు ఆ నేలను విడవలేదు. ఇద్దరూ పాటించినది ఒకే హదీసు. దాన్ని బయటికి తెచ్చినది మాత్రం అందరినీ మాట్లాడనిచ్చిన ఆ సభ.