పాత ఆటకి కొత్త మోడ్స్: మోరోవిండ్ చరిత్ర చెప్పే ఎంపిక పాఠం

శావల్యాపురం నుంచి మాట్లాడుతున్నా. ఇవాళ్టి ఎపిసోడ్ ఒక పాత కంప్యూటర్ ఆట గురించి. పాత అంటే ఎంత పాత? 2002 మే నెలలో వచ్చింది. ఇది చూస్తున్న మీలో చాలామంది అప్పటికి పుట్టి కూడా ఉండరు. ఆట పేరు "ది ఎల్డర్ స్క్రోల్స్ 3: మోరోవిండ్". ఇరవై ఏళ్లు దాటినా దానికి ఇంకా కొత్త మోడ్స్ వస్తూనే ఉన్నాయి. కంపెనీ ఎప్పుడో వదిలేసింది, జనం వదల్లేదు.

పాత ఆట మొదలుపెట్టే ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: "అన్నా, ఏ మోడ్స్ వేసుకోవాలి? లిస్టు పెట్టు." లిస్టు పెట్టడం తేలికే. కానీ ఆరు నెలల్లో అది పాతబడిపోతుంది. దాని వెనకున్న చరిత్ర తెలిస్తే మాత్రం ఏ ఆటకైనా మీ లిస్టు మీరే రాసుకోగలరు. అందుకే ఇవాళ చరిత్ర చెప్తాను, ఎలా ఎంచుకోవాలో అందులోనే వస్తుంది.

మోడ్ అంటే మోడ్ ఏపీకే కాదు

ముందు ఒక మాట తేల్చుకుందాం. ఫోన్‌లో ఆడేవాళ్లకి మోడ్ అనగానే "మోడ్ ఏపీకే" గుర్తొస్తుంది. అంటే డబ్బులు కట్టకుండా అన్నీ అన్‌లాక్ అయ్యేలా ఎవరో యాప్‌ని విప్పి మళ్లీ కట్టింది. అందులో ఏం కలిపారో మీకు తెలీదు. మీ కాంటాక్ట్స్, ఓటీపీలు ఎటు పోతాయో తెలీదు. ఆన్‌లైన్ ఆటల్లో అయితే అకౌంటే పోతుంది. నేను చెప్పే మోడ్ అది కాదు. ఆట సొంతంగా కొనుక్కున్నవాళ్లు, దానికి అదనంగా తయారుచేసి ఊరికే పంచుకునే ఫైల్ ఇది. ఒకటి దొంగ తాళంచెవి, ఇంకొకటి సొంతింటికి వేసుకున్న వసారా.

డూమ్ నుంచి బీజీఎంఐ దాకా

1993లో "డూమ్" వచ్చింది. దాన్ని రాసిన జాన్ కార్మాక్ ఒక తెలివైన పని చేశాడు. ఆటని నడిపే ప్రోగ్రామ్ వేరు, బొమ్మలూ శబ్దాలూ మ్యాపులూ ఉండే ఫైల్ వేరు అని విడగొట్టాడు. ఆ రెండో ఫైల్‌ని వాడ్ అంటారు. దాంతో ఎవరైనా సొంత మ్యాపు చేసి డూమ్‌లో ఆడుకోవచ్చు, అసలు ప్రోగ్రామ్‌ని ముట్టుకోనక్కర్లేదు. 1997లో ఆ ప్రోగ్రామ్ సోర్స్ కోడ్ కూడా బయటపెట్టారు. మోడింగ్ అనే సంస్కృతికి పెద్ద ఊపు అక్కడే వచ్చింది.

తర్వాత 1999లో "హాఫ్ లైఫ్" ఆటకి మోడ్‌గా "కౌంటర్ స్ట్రైక్" వచ్చింది. "వార్‌క్రాఫ్ట్ 3" ఆటలో ఆటగాళ్లు చేసిన ఒక మ్యాపు నుంచి "డోటా" పుట్టింది. మీ ఫోన్‌లో ఐదుగురు ఐదుగురు కొట్టుకునే ఆటలన్నీ దాని పిల్లలే.

మరి బీజీఎంఐ? దాని వంశవృక్షం చూడండి. "ఆర్మా 2" అనే సైనిక ఆటకి డీన్ హాల్ అనే ఆయన 2012లో "డేజీ" అనే మోడ్ చేశాడు. ఆ మోడ్ మీద ఇంకో మోడ్ చేసినవాడు బ్రెండన్ గ్రీన్, ఐర్లాండ్ మనిషి. అందరూ దిగాలి, ఒక్కడే మిగలాలి అన్న ఆలోచన "బ్యాటిల్ రాయల్" అనే జపాన్ సినిమా నుంచి తీసుకున్నాడు. అదే 2017లో పబ్‌జీ అయింది, 2018లో ఫోన్‌లోకొచ్చింది, 2020లో మన దేశంలో నిషేధం పడింది, 2021లో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. మీరు రోజూ ఆడేది ఒక మోడ్‌కి పుట్టిన మోడ్‌కి వారసుడు. ఇంట్లో కూర్చుని ఒకడు సరదాగా మార్చుకున్న ఆట ప్రపంచం మొత్తం ఆడే ఆట అయింది.

మోరోవిండ్ ఇచ్చిన రెండో డిస్క్

ఇప్పుడు మన ఆటలోకి వద్దాం. బెథెస్డా కంపెనీ 1996లో "డాగర్‌ఫాల్" అనే ఆట చేసింది. అందులో ప్రపంచం చాలా పెద్దది, కానీ ఎక్కువ భాగం కంప్యూటరే లెక్కలు వేసి పుట్టించింది. ఒక ఊరికీ ఇంకో ఊరికీ తేడా పెద్దగా తెలీదు. తర్వాతి ఆట మోరోవిండ్‌కి వాళ్లు దారి మార్చారు. ప్రపంచం చిన్నదైనా సరే, ప్రతి రాయీ ప్రతి గిన్నే మనిషి చేత్తో పెట్టాలి అనుకున్నారు. అలా పెట్టడానికి వాళ్లకో పనిముట్టు కావాలి కదా. దాని పేరు కన్‌స్ట్రక్షన్ సెట్.

ఆట అమ్మేటప్పుడు ఆ పనిముట్టుని కూడా వేరే డిస్క్‌లో పెట్టి అదే డబ్బాలో ఇచ్చేశారు. హోటల్‌వాడు బిర్యానీతో పాటు వంటగది తాళం కూడా ఇచ్చినట్టు. అదే ఏడాది జూన్‌లో బయోవేర్ కంపెనీ "నెవర్‌వింటర్ నైట్స్" ఆటతో పాటు దాని ఎడిటర్‌ని ఇచ్చింది. అందుకే ఫాంటసీ ఆటల మోడింగ్‌లో 2002 ఒక మలుపు.

మోరోవిండ్ జరిగేది వార్డెన్‌ఫెల్ అనే దీవిలో. మోరోవిండ్ దేశంలో అదొక ముక్క మాత్రమే. మిగతా నేల మేం కడతాం అని "టామ్రియల్ రీబిల్ట్" అనే బృందం బయల్దేరింది. ఆట విడుదలకి ముందే, 2001లో. ఆ పని ఇప్పటికీ నడుస్తోంది. పనిచేసేవాళ్లు మారుతుంటారు, జీతం లేదు, పని మాత్రం ఆగలేదు. ఒక తరం పునాది వేస్తే ఇంకో తరం గోడ లేపుతోంది.

మన పల్నాడుకి ఇది కొత్తేం కాదు

ఇక్కడ ఒక్క నిమిషం మన నేల గురించి. శావల్యాపురం వినుకొండ పక్కనే. ఇటు నుంచి ఉత్తరానికి పోతే కారంపూడి. పల్నాటి వీరుల కథ వినని పల్నాడువాడు ఉండడు. కోడిపందెం, ఏడేళ్ల వనవాసం, బ్రహ్మనాయుడు పెట్టిన చాపకూడు, కారంపూడి యుద్ధం, బాలచంద్రుడు.

ఆ కథకి "అసలు వెర్షన్" ఏది? శ్రీనాథుడు ద్విపదలో రాశాడంటారు. వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతున్నది ఇంకో రకంగా ఉంటుంది. వ్రాతప్రతులు చూసి అక్కిరాజు ఉమాకాంతం 1911లో పుస్తకంగా అచ్చువేయించారు. 1947లో సినిమా వచ్చింది, అందులో కన్నాంబ నాగమ్మ. 1966లో మళ్లీ వచ్చింది, అందులో భానుమతి నాగమ్మ, ఎన్టీఆర్ బ్రహ్మనాయుడు. గాయకుల కథనాన్ని జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు రికార్డు చేసి, అనువదించి 1982లో ఇంగ్లీషు పుస్తకం వేశాడు. ఒకరి కథలో నాగమ్మ కుట్రలు పన్నే మనిషి, ఇంకొకరి కథలో ఆ కాలానికే మంత్రిగా రాజ్యం నడిపిన ఆడది. కథ ఒకటే, కలిపినవీ తీసేసినవీ వేరు.

చెప్పొచ్చేదేంటంటే, వీటిలో మూడు రకాల పనులున్నాయి. ఉమాకాంతం గారు చేసింది పాఠాన్ని సరిచేసే పని. గాయకుడు చేసేది ఎదురుగా ఉన్న జనాన్ని బట్టి కథని పెంచే పని. సినిమావాళ్లు చేసింది కథని కొత్త కంటితో చూపించే పని. ఆట మోడ్స్‌లో కూడా ఇవే మూడు. మీరు డౌన్‌లోడ్ నొక్కే ముందు, ఇది ఏ రకం పని అని అడగండి. సగం గందరగోళం అక్కడే పోతుంది.

మొదటి రకం: సరిచేసేవి

వీటిని కళ్లు మూసుకుని వేసుకోవచ్చు. మోరోవిండ్‌లో మ్యాపు మీద బాణం గుర్తు ఉండదు. ఊళ్లో మనిషి దారి నోటితో చెప్తాడు, మనం వెతుక్కుంటూ పోవాలి. కొన్ని చోట్ల ఆ మనిషి చెప్పే దిక్కే తప్పు. అది రాసినవాళ్ల పొరపాటు, ఆట ఉద్దేశం కాదు. అలాంటివి సరిదిద్దే "ప్యాచ్ ఫర్ ప్యూరిస్ట్స్" లాంటి మోడ్ ఉంది. పేరులోనే చెప్పాడు చూడండి: అసలుని అసలుగా ఉంచమనేవాళ్ల కోసం. ప్రోగ్రామ్‌లోని లోపాలకి "మోరోవిండ్ కోడ్ ప్యాచ్" ఉంది. ముందు ఈ రకం, తర్వాతే మిగతావి.

రెండో రకం: పెంచేవి

కొత్త ఊళ్లు, కొత్త పనులు, కొత్త మనుషులు. టామ్రియల్ రీబిల్ట్ ఇందులోకే వస్తుంది. నా మాట: మొదటిసారి ఆడుతుంటే అసలు కథ ఒకసారి పూర్తయ్యేదాకా ఇవి వేసుకోకపోయినా నష్టం లేదు. అసలు తినకుండా నంజుకోవడం ఎందుకు?

మూడో రకం: మార్చేవి

గొడవంతా ఇక్కడే. ఒక ఉదాహరణ మంచు. అసలు ఆటలో కొద్ది దూరం దాటితే అంతా పొగమంచే. అప్పటి కంప్యూటర్లు అంతకు మించి గీయలేవు కాబట్టి అలా పెట్టారు. తర్వాత వచ్చిన మోడ్స్ మంచు తీసేసి కొండలూ కోటలూ దూరం నుంచే చూపిస్తాయి. మొదటి చూపుకి అద్భుతం. కానీ పూర్తిగా తీసేస్తే ఒక రహస్యం బయటపడుతుంది: దీవి చాలా చిన్నది. గంటసేపు నడిచి చేరామనుకున్న ఊరు ఎదురుగానే ఉంటుంది. మంచు దాన్ని పెద్దగా చూపించింది. లోపం అనుకున్నదే ఆటని మోసింది. నేనైతే మంచుని కొంచెం వెనక్కి జరుపుతాను, పూర్తిగా తీయను.

ఇంకొకటి యుద్ధం. కత్తి తగిలినట్టే కనిపిస్తుంది, దెబ్బ మాత్రం పడదు. కొత్తవాళ్లు విసిగిపోయి ఆట వదిలేసేది ఇక్కడే. నిజానికి లోపల పాచికలు పడుతుంటాయి. మీ నైపుణ్యం, చురుకుదనం, అదృష్టం, అలసట అన్నీ లెక్కలోకొస్తాయి. పరిగెత్తుకుంటూ వెళ్లి, ఆయాసంతో కత్తి తిప్పితే తగలదు. ప్రతి దెబ్బా తగిలేలా చేసే మోడ్స్ ఉన్నాయి. వేసుకోవడం తప్పు కాదు, కానీ ముందు నడిచి వెళ్లి, మీకొచ్చిన ఆయుధం పట్టుకుని ఒకసారి కొట్టి చూడండి. ఏమీ చేతకాని ఖైదీగా దిగి, వీరుడిగా ఎదగడమే ఈ కథ. మొదటి రోజే అన్నీ తగిలితే ఎదిగేది ఏముంది?

అలాగని నేను ఛాదస్తుణ్ణి కాదు. క్లిఫ్ రేసర్ అనే పక్షి ఉంటుంది. ఆకాశం నుంచి వచ్చి ఊరికే వెంటపడుతుంది, అది తప్ప పనిలేనట్టు. దాన్ని శాంతపరిచే మోడ్స్‌కి నా పూర్తి మద్దతు.

ఒక విషయం మాత్రం ముట్టుకోవద్దు. ఈ ఆటలో ఎర్రకొండ యుద్ధం అని పాత యుద్ధం ఒకటి ఉంది. నెరెవార్ అనే వీరుడు అప్పుడు ఎలా చనిపోయాడో ఆటలోని పుస్తకాలు తలో రకంగా చెప్తాయి. గుడివాళ్లది ఒక మాట, కొండజాతివాళ్లది ఒక మాట. ఏది నిజమో ఆట చివరిదాకా తేల్చదు. నాగమ్మ కథ విన్న మనకి ఇది వెంటనే అర్థమవుతుంది. దాన్ని తేల్చేసే మోడ్ ఎంత బాగున్నా, ఆట గుండెనే తీసేస్తుంది.

పనిలో పనిగా సాంకేతిక సూత్రం ఒకటి. రెండు మోడ్స్ ఒకే వస్తువుని మారిస్తే, వరసలో తర్వాత వచ్చినదే చెల్లుతుంది. గోడకి ఎన్ని పూతలు వేసినా కంటికి కనపడేది ఆఖరి పూతే. దీన్నే లోడ్ ఆర్డర్ అంటారు. అందుకే ఒకేసారి యాభై వేయొద్దు. ఒకటి వేయండి, ఆడండి, తర్వాత ఇంకొకటి.

2015 ఏప్రిల్: నాలుగు రోజుల గొడవ

మోరోవిండ్ తమ్ముడు "స్కైరిమ్" 2011లో వచ్చింది. దాని మోడ్స్‌ని డబ్బులకి అమ్ముకోవచ్చని వాల్వ్, బెథెస్డా కలిసి 2015 ఏప్రిల్ 23న ప్రకటించాయి. మోడ్ చేసినవాడికి 25 శాతం, మిగతా 75 శాతం ఆ రెండు కంపెనీలకి. ఆటగాళ్లు భగ్గుమన్నారు. ఒక చేపలు పట్టే మోడ్‌లో వేరేవాళ్ల పని కలిసి ఉందని తేలి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఏప్రిల్ 27కల్లా మొత్తం ఆపేసి, కొన్నవాళ్లకి డబ్బు తిరిగిచ్చారు.

ఇందులో ఎవరిది న్యాయం? నెలల తరబడి పనిచేసినవాడికి నాలుగు రూపాయలు రావాలనడం తప్పు కాదు. కానీ ఒకరి పని మీద ఒకరు కట్టుకున్న ఇంట్లో, ఏ ఇటుక ఎవరిదని పంచుతారు? ఊరికే ఇచ్చిపుచ్చుకున్నంత కాలం రాని ప్రశ్న, ధర పెట్టగానే వచ్చింది. మరోవైపు మోడ్ నుంచి బతుకు దొరికినవాళ్లూ ఉన్నారు. నిక్ పియర్స్ అనే ఆస్ట్రేలియా లాయర్ స్కైరిమ్‌కి చేసిన "ది ఫర్‌గాటెన్ సిటీ" మోడ్‌కి 2016లో అక్కడి రచయితల సంఘం అవార్డు వచ్చింది. 2021లో అదే సొంత ఆటగా విడుదలైంది.

కాబట్టి మోడ్ వాడితే చేసినవాళ్ల పేరు చదవండి. రీడ్‌మీ ఫైల్ తెరవండి. బాగుంటే ఒక మాట రాయండి. వాళ్లకి దక్కే కూలీ చాలాసార్లు అదే.

ఫోన్ ఒక్కటే ఉంటే?

చివరగా అందరికీ పనికొచ్చేది. "ఓపెన్‌ఎండబ్ల్యూ" అని ఒక ప్రాజెక్టు ఉంది. 2008 నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు మోరోవిండ్‌ని నడిపే ప్రోగ్రామ్‌ని మొదటి నుంచి కొత్తగా రాశారు, కోడ్ అందరికీ తెరిచి ఉంచారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో నడిచే రూపాలు కూడా దాని నుంచి వచ్చాయి. కానీ బొమ్మలూ కథా అసలు ఆటలోవే కావాలి, అంటే ఆట మీరు కొనుక్కుని ఆ ఫైళ్లు ఫోన్‌లోకి వేసుకోవాలి. పండగలకి సేల్ పెట్టినప్పుడు చూసుకోండి, చాలా తక్కువకే వస్తుంది.

పల్నాటి కథ ఇన్ని వందల ఏళ్లు నిలిచింది దాన్ని ఎవరో పెట్టెలో దాచినందుకు కాదు, ప్రతి తరం మళ్లీ పాడినందుకు. మోరోవిండ్‌ది కూడా అదే దారి. ముందు సరిచేసుకోండి, ఒకసారి పూర్తిగా ఆడండి, తర్వాత మీ ఇష్టమొచ్చినట్టు పెంచుకోండి. మీరు మొదట వేసిన మోడ్ ఏంటో, ఎందుకు వేశారో కింద రాయండి. ఎందుకు అన్నదే నాకు ముఖ్యం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.