గాల్వే కిటికీలో చాగ చుట్టం

గాల్వేలో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్ళింటికి వెళితే, వంటింటి కిటికీ దగ్గర చిన్న కుండీ ఒకటి తరచుగా కనబడుతుంది. అందులో ఉండేది కరివేపాకైనా అయి ఉంటుంది, తులసైనా అయి ఉంటుంది. చాలా ఇళ్ళలో సంక్రాంతి నాటికి ఆ కుండీలో పుల్ల మాత్రమే మిగులుతుంది. మా ఇంట్లోనూ అదే జరిగింది. చలికి పోయింది పాపం అనుకున్నాను. కుండీ బోర్లించి చూస్తే వేళ్ళు నల్లగా కుళ్ళి ఉన్నాయి. రోజూ పొద్దున్నే నేను ప్రేమగా పోసిన చెంబుడు నీళ్ళే దాన్ని చంపాయి.

కారణం లెక్క వేస్తే తేలికగానే తెలుస్తుంది. గాల్వే 53 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో ఇక్కడ పగలు ఏడున్నర గంటలే, అదీ మబ్బు చాటున. హైదరాబాదులో ఏడాదిలోకెల్లా చిన్న పగలు కూడా పదకొండు గంటలుంటుంది. వెలుతురు లేని మొక్క ఎదగదు. ఎదగని మొక్క నీళ్ళు తాగదు. తాగని నీళ్ళు కుండీలో నిలిచి వేళ్ళను కుళ్ళబెడతాయి.

మరి మొదటిసారి మొక్క పెంచేవాళ్ళు ఏది కొనుక్కోవాలి? ఈ ప్రశ్న మనకంటే ముందు విక్టోరియా కాలం నాటి నగరవాసులకు ఎదురయింది. చీకటి గదులు, బొగ్గు పొగ, గ్యాసు దీపాలు. ఆ గదుల్లో పెట్టిన మొక్కలు ఒక్కొక్కటే పోయాయి. పోకుండా నిలిచినవాటిలో పేరు పొందింది ఆస్పిడిస్ట్రా. జపాను దక్షిణ దీవుల అడవుల్లో, పెద్ద చెట్ల నీడన పెరిగే మొక్క అది. చీకటి దానికి పుట్టింటి అలవాటు. అందుకే దానికి 'పోత ఇనుప మొక్క' అని పేరొచ్చింది. చివరికి అది మధ్యతరగతి పరువుకు ఎంత గుర్తుగా మారిందంటే, 1936లో జార్జి ఆర్వెల్ తన నవల పేరులోనే దాన్ని ఇరికించి వెక్కిరించాడు.

లండనులో నథానియల్ వార్డ్ అనే వైద్యుడు మరో దారి పట్టాడు. బొగ్గు పొగకు తన తోటలోని ఫెర్న్ మొక్కలు బతకడం లేదని ఆయన దిగులు. 1829లో ఒక పురుగు గూటిని తడిమట్టితో సహా సీసాలో పెట్టి మూత వేశాడు. రెక్కల పురుగు బయటికొస్తే చూడాలని ఆయన ఆశ. ఈలోగా ఆ మట్టిలోంచి ఫెర్న్ మొలక లేచింది! మూసిన గాజులో తేమ తిరిగి తిరిగి అక్కడే ఉంటుందని అలా తెలిసింది. 1833లో అలాంటి గాజుపెట్టెల్లో మొక్కలు ఓడెక్కి సిడ్నీ చేరాయి. తర్వాత చైనా తేయాకు మొక్కలు హిమాలయ సానువులకు వచ్చింది ఆ పెట్టెల్లోనే. జనానికి ఫెర్నుల పిచ్చి కూడా పట్టుకుంది. ఆ పిచ్చిలో ఐర్లండులోని కిలార్నీ ఫెర్నును సేకర్తలు దాదాపు తుడిచిపెట్టేశారు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. గాల్వే అఖాతంలోని అరాన్ దీవుల్లో, అవతలి ఒడ్డున బరెన్ ప్రాంతంలో, సున్నపురాతి పగుళ్ళలో మెయిడెన్‌హెయిర్ ఫెర్న్ దానంతట అదే పెరుగుతుంది. ఈ నేల బిడ్డే కదా అని అంగట్లో దాన్ని కొని హీటరున్న గదిలో పెడితే, కొన్నాళ్ళకే ఆకులు వడలి పొడి అవుతాయి. పగుళ్ళలో ఉండే తేమ మన హాల్లో ఉండదు. గోడల లోపల వేరే దేశం ఉన్నట్టే లెక్క. ఆ దేశపు వాతావరణానికి సరిపడే మొక్కను వెతుక్కోవాలి.

అలా సరిపడేవాటిలో మొదటిది స్నేక్ ప్లాంట్. పుట్టినిల్లు పశ్చిమ ఆఫ్రికా. దళసరి ఆకుల్లో నీళ్ళు దాచుకుంటుంది. తేమ పోకుండా పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రిపూట గాలి పీల్చుకుంటుంది. దీని దగ్గర చుట్టం మన దగ్గరే ఉంది, అదే చాగ. సంస్కృతంలో మూర్వ. దాని నారతో అల్లెతాడు పేనేవారు కనకనే వింటినారికి మౌర్వి అని పేరు. 1780లలో సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బరో కోరమాండల్ తీరపు మొక్కలను స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. మన చాగకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో ఆయన పేరే ఉంది.

రెండోది మన ఇళ్ళలో సీసాల్లో పాకే మనీ ప్లాంట్. అది పసిఫిక్ సముద్రంలోని మోరియా దీవి మొక్క. మూడోది తూర్పు ఆఫ్రికా జీజీ మొక్క. మట్టికింద బంగాళదుంపల్లాంటి దుంపల్లో నీళ్ళు దాచుకుంటుంది. ఐరోపావాళ్ళు దీన్ని 1829లోనే గుర్తించినా, డచ్చి నర్సరీలు పెద్దయెత్తున అమ్మకానికి తెచ్చింది 1990లలోనే. ఈ మూడింటి ఆకులూ నోట్లో పెట్టుకుంటే మంటెత్తిస్తాయి. పాకే పిల్లలున్న ఇంట్లో ఆస్పిడిస్ట్రాయో స్పైడర్ ప్లాంటో మేలు.

పెంపకానికి పెద్ద శాస్త్రమేమీ అక్కర్లేదు. కుండీ అడుగున చిల్లు ఉండాలి. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దింపి, పొడిగా ఉంటేనే నీళ్ళు పోయాలి. చలికాలంలో స్నేక్ ప్లాంటుకు నెలకొకసారి చాలు. కుండీ కింది పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోయాలి. ఇక గదిలో గాలి శుభ్రమవుతుందన్న ఆశతో కొనకండి. 1989 నాటి నాసా ప్రయోగం మూసిన చిన్న గదుల్లో జరిగింది. మామూలు ఇంట్లో ఆ ప్రభావం లెక్కలోకి రానంత తక్కువని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

'పని పెట్టని మొక్క' అని అంగట్లో రాసిన చీటీ వెనక ఎండకు, కరువుకు, చీకటికి తట్టుకున్న పెద్ద చరిత్ర ఉంది. అందుకే కొనేముందు ఆకు అందం కంటే దాని పుట్టినూరు అడగడం మంచిది. నాకు నీళ్ళ చెంబు పక్కన పెట్టడం నేర్పింది చాగ చుట్టమే. రెండు చలికాలాలు దాన్ని బతికించాక, ధైర్యం చేసి మళ్ళీ కరివేపాకు నాటాను. ఈసారి దక్షిణపు కిటికీలో పెట్టాను, వేలు దించి చూశాకే నీళ్ళు పోస్తున్నాను. పోయిన చలికాలం కొన్ని ఆకులు రాలాయి గానీ, ఉగాదికి కొత్త చిగురు వేసింది. ఇంకా పోపులో వేసుకునేంత పెరగలేదు.